ముగ్గులో కూర్చున్న పెద్దమ్మ

కంప్యూటర్లో ఇంటిని అటుది ఇటు తిప్పడం ఎంత తేలికో చెప్పాలంటే నాకే సిగ్గేస్తుంది. ఒక్క నొక్కు, అంతే. గద్వాలలో చీరలు నేసే ఒక పెద్దమ్మ ఇంటిని నేను అలాగే తిప్పేశాను. నా మీద నాకు ఆ కోపం ఇంకా పోలేదు.

పాత ఇల్లు తీసేసి కొత్తది కడతామంటూ ఆమె కొడుకు వనపర్తిలో ఇళ్ల ప్లాన్లు గీసే నా ఆఫీసుకు వచ్చాడు. పెద్దమ్మ కోరింది ఒక్కటే, మగ్గం దగ్గర పగలంతా వెలుతురుండాలి. చూపు మందగిస్తోంది. తెగిన పోగు కనబడకపోతే ఇక నేత మానుకోవాల్సిందే. నేను వెళ్లి, ఆమె నేస్తుంటే పక్కన నేల మీద కూర్చుని పెన్సిల్‌తో గీశాను. తూర్పున సందు వైపు కిటికీ, దాన్ని ఆనుకుని మగ్గం. పడమట పక్కింటి గోడ. ఫోన్‌లో ఫొటో తీసుకుని, కాగితం ఆమెకే ఇచ్చి వచ్చాను.

దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాక కొడుకు ఫోన్ చేశాడు. మెట్లు ఆగ్నేయంలో వద్దట, నైరుతిలో కావాలట. ఆ రోజే నాగర్‌కర్నూల్‌లో నాకు ఇంకో ఇంటి పని, బస్సు టైమవుతోంది. మళ్లీ కూర్చుని ఆలోచించే ఓపిక ఎక్కడిది? ప్లాన్ మొత్తాన్ని అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మార్చి పంపేశాను. మెట్లు నైరుతికి వెళ్లాయి. వాటితోపాటు కిటికీ కూడా పడమటికి వెళ్లింది. ప్లాన్‌తో పంపిన రంగుల బొమ్మలో మాత్రం మగ్గం మీద ఫెళ్లున ఎండ! పక్కింటి గోడను నేను కంప్యూటర్లో గీస్తే కదా? సాఫ్ట్‌వేర్‌ను తిట్టి లాభం లేదు, అది చెప్పింది చేసింది. కొడుకు ఆ బొమ్మను చుట్టాలందరికీ పంపాడట. పెద్దమ్మ ఒక్కతే ఫోన్ చేయించి, పక్కింటోళ్ల గోడ ఇందులో ఏ దిక్కునుందని అడిగింది. అవన్నీ మేం చూసుకుంటాంలే అని విసుక్కున్నాను. నా నోరు పడిపోను.

ముగ్గు పోసే రోజు నేనూ ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. మేస్త్రీ ఖాళీ జాగాలో గదులన్నీ తెల్లగా గీశాడు. కొబ్బరికాయ కొట్టబోతుంటే పెద్దమ్మ చెప్పులు విడిచి, మగ్గం వచ్చే చోట కూర్చుని, నేస్తున్నట్టు చేతులాడించింది. తల తిప్పి పక్కింటి గోడను చూసింది.

"గీడ నాకు పోగు కనవడదు."

ముహూర్తం దాటిపోతోందని కొడుకు సణిగాడు, పెద్ద లైటు పెట్టిస్తానన్నాడు. ఆమె వినలేదు. కొంగుముడి విప్పి నా పెన్సిల్ కాగితం బయటికి తీసింది. మడతల దగ్గర చిరిగింది.

"గిది గీసినప్పుడు నా పక్కన కూసున్నవ్ బిడ్డా. గా ఫోన్ల బొమ్మ గీసినప్పుడు యాడ కూసున్నవ్?"

తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకుని, ముగ్గు చెరిపేయమని మేస్త్రీని బతిమాలాను. అతను పళ్లు కొరుకుతూ చెరిపాడు. ల్యాప్‌టాప్ తెరిచి ఆ మట్టిలోనే పెద్దమ్మ పక్కన కూలబడ్డాను. ఆ కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, ముందు పక్కింటి గోడ గీశాను. తర్వాత సందు. మెట్లను నైరుతిలోనే ఉంచి, కిటికీని, మగ్గాన్ని తూర్పుకు తెచ్చాను. పెద్దమ్మ సందు వైపు జరిగి, మగ్గం ముందున్నట్టు కూర్చుంది. అక్కడి నుంచి కిటికీ ఎంత ఎత్తులో ఉండాలో ఆమెనే అడిగాను.

"జర జరుగు బిడ్డా," అంది. "వెల్తురుకు అడ్డమొస్తున్నవ్."