అత్త నేర్పిన తిండి

మా మేనత్త పోయింది. మొన్న మంగళవారం పొద్దున విజయవాడ ఆస్పత్రి నుంచి ఆమె కొడుకు ఫోన్ చేసి, "వదినా, అమ్మ ఇక లేదు" అన్నాడు.

జగ్గయ్యపేటలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిందామె. షుగర్ కూడా దాదాపు అన్నేళ్ళూ ఉంది. షుగర్ వల్లే మా నాయనమ్మకి కాలు తీసేశారు. అది చూసిన రోజు నుంచి అత్త నోరు కట్టేసుకుంది.

నాకూ షుగర్ వచ్చిందని తెలిసిన ఆదివారం, చర్చి అవగానే బస్సెక్కి నందిగామలో మా ఇంటికి వచ్చేసింది. సంచిలో కొర్రలు, రెండు కట్టలు తోటకూర. నేను ఏడుస్తుంటే కంచం పెట్టి పక్కనే కూర్చుంది.

"ముందు కూర తిను. సగం కడుపు నిండాకే అన్నం ముట్టుకో. ఏం చావవులే, నేను బతికే ఉన్నాగా!"

క్రిస్మస్ విందులో అందరూ బిర్యానీ తింటుంటే ఆమె కీరా ముక్కలు నములుతూ కూర్చునేది. "ఇంకేం సుఖపడతారండీ టీచర్ గారూ?" అని ఎవరైనా అంటే, "నా కాళ్ళ మీద నేను నడుస్తున్నానండీ" అనేది. ఆమెని చూసే నేను తీపి మానేశా.

అయినా ఆమె కిడ్నీలు పోయాయి. ఆకుకూరలొద్దు, పళ్ళొద్దు, పప్పు తగ్గించాలి, నీళ్ళు కొలిచి తాగాలి అని డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఇన్నాళ్ళూ నమ్ముకున్నవన్నీ ఆ వద్దన్న వాటిలోనే ఉన్నాయి. అత్త రెండుసార్లు చదివి, "అయితే నేను తిన్నదంతా తప్పేనా డాక్టరు గారూ?" అంది.

"తప్పు కాదమ్మా. అలా తిన్నారు కాబట్టే ఇంతకాలం నెట్టుకొచ్చారు."

ఆ మాట ఆమెకి ఎక్కలేదు. ఆ తర్వాత నేను ఏం తినాలని అడిగినా, "నీ ఇష్టమే తల్లీ" అనేది.

చివరి వారం ఏది అడిగితే అది పెట్టమన్నారు డాక్టర్లు. బొబ్బట్లు చేసి పట్టుకెళ్ళా. ముక్క కొరికి, చాలాసేపు నోట్లోనే ఉంచుకుని, "ఏమీ తెలీట్లేదే" అని చేతిలోకి తీసేసింది.

నా రిపోర్టులు ఈ రోజుకీ బాగానే ఉన్నాయి. అది ఆమె చలవే. కానీ కంచం ముందు కూర్చుంటే, ఇదంతా దేనికో తెలియడం లేదు.

ఫోన్ రాగానే నేను విజయవాడ వెళ్ళా. ఆమెని జగ్గయ్యపేటకి తీసుకొస్తుంటే నందిగామ దగ్గర అంబులెన్సు ట్రాఫిక్‌లో ఆగింది. నేను డ్రైవర్ పక్కన ఉన్నా. జామకాయలమ్మే ఆవిడ పరుగున వచ్చి, కోసిన కాయకి ఉప్పూకారం అద్ది, "తీసుకోండమ్మా, తియ్యటివి" అంటూ కిటికీలోంచి చెయ్యి చాపింది. వెనక ఏడుపు విని లోపలికి తొంగి చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. బండి కదిలాక పక్క అద్దంలో చూశా. ఆ కాయ పట్టుకుని, రోడ్డు పక్కన అలాగే నిలబడి ఉంది.