వానలో చూడని నేల

జూన్ రాగానే కొత్తగూడెం బజారులో దుకాణాల ముందు వాన కోట్లు వేలాడదీస్తారు. ఆ కొత్త రబ్బరు వాసన ముక్కుకు తగిలితే చాలు, హమీద్ సాబ్ గుర్తుకొస్తారు. ఎనభైలలో మా ఆఫీసుకు ఆయనే పెద్ద. ఊళ్లలో ఇళ్లు, రోడ్లు ఎక్కడ రావాలో, ఏ భూమిని సాగుకే వదిలేయాలో తేల్చి పైకి పంపడం మా పని. నేను పటాలు గీసేదాన్ని. చేరిన వారానికే ఆయన నా చేతిలో ఒక వాన కోటు పెట్టారు. బల్ల ముందు కూర్చునే మనిషికి ఇదెందుకని లోలోపల నవ్వుకున్నాను.

ఎందుకో త్వరలోనే తెలిసింది. ఎండాకాలంలో చూసిన స్థలం మీద ఆయన సంతకం పెట్టరు. అందరూ నేల ఎండి జీపు తిరిగే రోజుల్లోనే సర్వేలు ముగించుకుంటే, ఈయన మాత్రం వాన పడగానే ప్యాంటు మడిచి బయలుదేరేవారు. గొణుక్కుంటూ వెనకాల మేము. "ఎండల ఏ భూమైనా మంచిగనే కనబడ్తది బిడ్డా. వానల సూస్తేనే దాని గుణం తెలుస్తది" అనేవారు.

కారేపల్లి దాటాక అడవి అంచున ఒక ఊరుంది. అక్కడి పేదలకు ఇళ్లు మంజూరయ్యాయి. అడవికీ ఊరి కుంటకూ మధ్య చదునైన సర్కారు బంజరు ఉంది. పక్కనే రోడ్డు, కొట్టాల్సిన చెట్టు లేదు, పోయే పొలం లేదు. అంతకన్నా ఏం కావాలి? ఊరంతా అక్కడే అడిగింది. పైఅధికారులు జల్దీ పంపమన్నారు. హమీద్ సాబ్ వాన పడేదాకా ఆగుదామన్నారు. ఆగితే మంజూరు గడువు దాటి ఆ ఏడు ఇళ్లు రావని అందరికీ తెలుసు.

ఆ మాట చెప్పడానికి జవానును పంపితే సరిపోయేది. ఆయనే వెళ్లారు. గుడిసెలో నెలల కూతురితో ఉంటున్న నాగమ్మ అనే ఆమె ఎదురొచ్చి నిలబడింది. కుంట కింద ఆమెకు ఎకరం పొలం కూడా ఉంది.

"ఈ వానకాలం గూడ గిట్లనే తడవాల్నా సారూ?"

"అవ్ నాగమ్మా. ఆపింది నేనే."

"నీ ఇల్లు కురుస్తదా? కురిస్తే తెలుస్తుండె నీకు!"

ఆమె చాలాసేపు తిట్టింది. ఆమె పూర్తి చేసేదాకా ఆయన అక్కడే నిలబడి విన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. జీపెక్కాక, "ఇంత మాట ఎందుకు పడ్డారు సార్?" అన్నాను. "తడిసేది ఆమె. తిట్టు పడేది నేను. గదన్న నా వంతుకు రావొద్దా?" అన్నారు.

అంతకుముందు రెండేళ్లు వానలు సరిగ్గా లేక ఆ బంజరు మీద నీళ్ల జాడే కనబడలేదు. ఆ ఏడు కురిశాయి. వాన కోట్లు వేసుకొని వెళ్లి చూస్తే, ఆ బంజరు మీదుగానే అడవి నీళ్లన్నీ పరుచుకొని కుంటలోకి దిగుతున్నాయి. ఇళ్లు కట్టి ఉంటే కుంట నిండేది కాదు, దాని కింద పొలాలు మిగిలేవి కావు. నాగమ్మ ఎకరం కూడా.

అయితే అడవి అంచుకు జరుపుదామని ఒక ఇంజినీరు అన్నాడు. అక్కడ ఇప్పచెట్లున్నాయి. "అవి కొడితే ఎండకాలం ఈ ఆడోళ్లు అమ్ముకునే పువ్వు ఏడ ఏరుకుంటరు?" అని హమీద్ సాబ్ ఒప్పుకోలేదు. చివరికి ఊరికి ఎగువన రాళ్ల దిబ్బ మీద స్థలం చూపించి, అక్కడికి బోరూ బాటా వచ్చేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగారు.

మరుసటి ఏడు ఇళ్లిచ్చిన రోజు నాగమ్మ చంకలో పిల్లతో వచ్చింది. దండం పెడుతుందనుకున్నాను. "పొలం దక్కింది సారూ. కని ఆ వానలకు ఈ పిల్ల సావు దాకా పోయొచ్చింది. గది గూడ యాదుంచుకో" అంది. ఆయన పిల్ల తల మీద చెయ్యి వేసి, "ఉంచుకుంట తల్లీ" అన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజే రెట్టింపయింది.

చాలా ఏళ్లకు ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. ఒక ఊరికి రావలసిన రోడ్డును పొలాలు దెబ్బతింటాయని ఆపించి, చెప్పడానికి నేనే వెళ్లాను. జనం చుట్టుముట్టి నోటికొచ్చినట్టు తిడుతున్నారు. వెంట వచ్చిన కుర్ర ఇంజినీరు నా చెవి దగ్గరికి వంగి, "చెప్పేశాం కదా మేడం, ఇక పోదాం" అన్నాడు.

"ఆగు బాబూ," అన్నాను, "వాళ్లింకా పూర్తి చెయ్యలేదు."