ఒక్క ఆర్కిడ్ పూవుకు బదులు

మా జనగామ ఎండకు స్లిప్పర్ ఆర్కిడ్ బతకదని అందరూ చెప్పారు. తడి గోనెసంచుల నీడలో కుండీ పెట్టి ఏళ్ల తరబడి సేవ చేశాను. అది ఆకులతోనే సరిపెట్టింది. చివరికి ఈ ఏడు ఒకే ఒక్క పూవు పూసింది.

ఆ పూవులో నాకు నచ్చింది అందం కాదు, మోసం. కింది రేక చెప్పు ముందుభాగంలా సంచై ఉంటుంది. తేనె కోసం వాలిన ఈగ నున్నటి అంచు మీద జారి లోపల పడుతుంది. తేనె చుక్క కూడా ఉండదు. లోపలి వెనుక గోడకున్న నూగు పట్టుకుని ఎక్కితే ఒకటే ఇరుకు దారి. పోతూ పోతూ వీపుకు పుప్పొడి పూసుకుని పోవాలి. అదే ఈగ ఇంకో పూవులో మళ్లీ పడితేనే ఆ పుప్పొడికి పని. ఈగల తెలివి మీద ఈ జాతికున్న అంచనా ఇప్పటిదాకా తప్పలేదు.

బతుకమ్మ మొదటిరోజు పొద్దున చూస్తే కాడే మిగిలింది. సాయంత్రం పక్కింటి పెద్దమ్మ బతుకమ్మ శిఖరాన నా పూవు కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, గది నా పూవు!"

"పండుగ పూలకు అడుగుడేంది బిడ్డ? గది చెప్పు లెక్కున్నదని ఎనుకకు తిప్పి పెట్టిన."

అమ్మవారి నెత్తిన చెప్పు పెట్టిందని వాడంతా చాటొచ్చు. కానీ అది చిన్న శిక్ష.

పెద్దమ్మ ప్రాణమంతా ఆమె గుమ్మడి పాదు. మర్నాటి నుంచి రోజూ తెల్లవారగానే సంచీతో వెళ్లాను. అడగలేదు, పండుగ కదా. పిందె ఉన్న ఆడపూలను ముట్టుకోలేదు. మగపూలను ఒక్కటీ మిగల్చలేదు. వాటి పుప్పొడి అందకపోతే పిందె నిలవదు.

"గిన్ని పూలేంది? మన పెండ్లికి గూడ తేలేదు నువ్వు" అంది మా ఆవిడ. చివరిరోజు, సద్దుల బతుకమ్మ నాటికి మా బతుకమ్మను ఇద్దరు మోయాల్సి వచ్చింది.

దసరా అయ్యాక పెద్దమ్మ వచ్చింది. "పిందెలన్ని పసుపెక్కి రాలుతున్నయ్ కొడుకా. చెట్ల సదువు సదివినవు గద, జర చూడు."

వెళ్లి, ఆకులు తిప్పి తిప్పి చూశాను.

"పుప్పొడి అందలే పెద్దమ్మా."

"ఎందుకందలే?"

"ఏమో, ఈ ఏడు గట్లున్నది."

ఎప్పుడూ వాడంతా కాయలు పంచే మనిషి, ఈసారి అంగడిలో ముక్క కొనుక్కొచ్చి కూర వండింది. అలవాటు ప్రకారం మాకూ ఒక గిన్నె పంపింది. కూర బాగుంది. ఇంకొంచెం ఉందా అని అడిగించాను.