పక్కకు చాచిన రిమోట్

2004లో ఒక ఆదివారం ఉదయం ఆరుంబావుకు పాల ప్యాకెట్ లోపలికి తెచ్చుకున్నాను. తర్వాత అటక మీది రిమోట్ విమానాన్ని తీశాను. మావారు తయారుచేసింది. ఆయన పోయాక నాలుగేళ్లుగా దాన్ని ముట్టుకోలేదు.

అలియాబాద్ దగ్గర ఖాళీ స్థలంలో మావారి స్నేహితుడు యాదగిరి గారు ఇంజన్ తిప్పి ఇచ్చారు. విమానం లేచింది. నా చేతులు ఏమీ మరిచిపోలేదు. ఇంధనం అయిపోవచ్చే వేళకు దాన్ని మా వైపు మళ్లించి, అలవాటుగా రిమోట్‌ను పక్కకు చాచాను. ఎగరేయడం నా పని, దించడం మావారి పని. నేనెప్పుడూ దించలేదు.

యాదగిరి గారు చేతులు వెనక్కి కట్టుకున్నారు.

“నాకిస్తున్నరేంది వదినె? మీరే దింపుండ్రి.”

“పగిలిపోతుంది అన్నయ్యగారూ! ఆయన చేసినవాటిలో ఇదొక్కటే మిగిలింది.”

“ముక్కలేరనీకి సంచి తెచ్చిన, ఫికర్ జెయ్యకుండ్రి. అగో, రెక్క వాలుతాంది! మన దిక్కు వచ్చేటప్పుడు ఏ రెక్క వాలితే రిమోట్ మీది కర్ర అటే నూకాలె. జల్దీ!”

నెట్టాను. విమానం రెండుసార్లు ఎగిరిపడి గడ్డిలో ఆగింది. ఒక చక్రం ఊడింది, అంతే. నేను నేల మీద కూర్చుండిపోయాను.

ఆ రోజు యాదగిరి గారు జాలిపడి రిమోట్ అందుకుని ఉంటే నేను మళ్లీ అక్కడికి వెళ్లేదాన్ని కాదు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ఇప్పుడు దించే సమయానికి రిమోట్ ఎవరికీ ఇవ్వడం లేదు.