పెద్ద ఈరన్న మెడలో గుదికొయ్య

ఇంటి కుక్క ఎవరినైనా కరిస్తే మామూలు మనిషి కుక్కను కొడతాడు, లేకుంటే కరిపించుకున్నవాడినే తిడతాడు. కోడుమూరు పెద్ద ఈరన్న ఈ రెండూ చేసేవాడు కాదు. ఇంట్లోకి పోయి, దూలానికి వేలాడే గుదికొయ్యను తీసి తన మెడకే కట్టుకునేవాడు.

కంచెలు దూకి పరాయి చేలో పడే దొంగగొడ్డు మెడకు కట్టే కొయ్య అది. మోకాళ్లకు తగులుతూ గొడ్డును పరుగెత్తనివ్వదు. ఆరడుగుల ఈరన్నకు మాత్రం అది బొడ్డు దగ్గర ఊగుతూ, మొలలో దోపుకున్న సున్నపు డబ్బీకి తగిలి, అడుగు అడుగుకూ ఠంగుమనేది. ఆ చప్పుడు వినబడగానే బజారు వీధిలో దర్జీ దాదా ఖలందర్ కుట్టుమిషను తొక్కడం ఆపేవాడు. వీధిలో ఏం జరిగిందో తెలియకుండా మధ్యాహ్నం అన్నం తింటే అరగని మనిషి ఖలందర్.

"ఎవుర్ని పట్టింది, ఈరన్నా?"

"టపా బంట్రోతును."

"పిక్కా?"

"మడిమ."

"కొయ్య ఎన్నాళ్లు?"

"వానికి పుండు మానేదాకా. కుక్కకేం తెలుసు సాయిబూ? కట్టెయ్యాల్సినోడు కట్టెయ్యకపాయె. శిక్ష యెవురికి పడాల?"

సంతకైనా పెండ్లికైనా ఆ కొయ్యతోనే పోయేవాడు. ఒక పెండ్లిలో ఆడపిల్లవారు కొత్తవాళ్లు. ఏదో దేవుడి మొక్కు కాబోలనుకుని కొయ్యకు పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, ఒకరి వెనక ఒకరు కాళ్లకు మొక్కారు. ఈరన్న కాదనలేక అందరినీ దీవించాడు. భార్య భీమక్క మాత్రం ఆ పొద్దు పందిట్లో ఎక్కడ కూర్చుందో ఎవరికీ తెలియదు.

"మంచం మీద కొయ్యకు చోటుండాది, నాకు లేదు," అని ఆమె వీధంతా చెప్పుకునేది. "రేత్రి పొర్లితే నా నడుము మింద పడతాది. కరిపించుకున్నోనికి పుండు మానుతాది గానీ నాకు మానదు."

ఈరన్న అంతటితో ఆగేవాడా? కరిపించుకున్నవాడిని బస్సెక్కించి కర్నూలు పెద్దాసుపత్రికి తానే తీసుకుపోయేవాడు. బొడ్డు చుట్టూ సూదులు వేసేటప్పుడు పక్కన నిలబడి వాడి చెయ్యి పట్టుకునేవాడు. సూది వాడికి, కేక ఈరన్నది. టపా బంట్రోతు తన నొప్పి మరిచిపోయి ఈయన్ను ఓదార్చవలసి వచ్చిందట.

ఇంతకూ ఊరంతా కరిచే కుక్క అని పేరుపడింది ఈరన్న ఇంటి దొర. డోనులో ఉండిన ఒక రైల్వే ఇంగ్లీషు అధికారి స్వదేశానికి పోతూ, తన గుర్రానికి గడ్డి తోలిన ఈరన్నకు ఇచ్చిపోయిన కుక్క అది. దూడంత ఉంటుంది. ముఖం నిండా ముడతలు, ఇస్త్రీ మరిచిన కోటులాగా. దవడల నుంచి ఎప్పుడూ సొంగ కారుతూ ఉంటుంది. దాని జాతి పేరేమిటో ఎవరికీ తెలియదు. తెలియనిచోట మనవాళ్లు ఊరుకోరు గదా.

"అది పులికీ కుక్కకూ పుట్టిన జాతంటప్పా."

"రోజుకొక మేకపోతు కావాలంట."

"పట్టిందంటే ప్రాణం పోయినా వదలదంట. ఆ జాతి గుణమే అంత."

ఆ పులిజాతి దొర రోజంతా ఈరన్న ఇంటి సందు మొదట్లో పడుకుని నిద్రపోయేది. దాని తట్టలోని సంగటిని కోళ్లు పొడుచుకు తింటుంటే, అవి ముగించేదాకా మర్యాదగా పక్కకు తిరిగి కూర్చునేది. ఇది అందరి కళ్లముందూ జరిగేదే. కానీ జాతి ఒకటి తేలిపోయినాక గుణం ఎవరు చూస్తారు? మనుషుల విషయంలోనే చూడం.

చూసినవాడు ఖలందర్ ఒక్కడే, అదీ తన పని వల్ల. కుక్క పట్టిన పంచెలన్నీ మాసిక వేయడానికి అతని దగ్గరకే వచ్చేవి. ప్రతి చినుగూ అంచు దగ్గరే. ప్రతిదీ అణా బిళ్లంతే. 'దొర నోట్లో శేరు చెంబు పడుతుంది. అంత నోటితో ఇంత చినుగు ఎట్లా చించింది?' అనే సందేహం అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. ఒకరోజు కొలత టేపు తీసుకుని సందులోకి పోయి, బిస్మిల్లా అనుకుని, నిద్రపోతున్న దొర దవడకు చుట్టాడు. దొర ఒక కన్ను తెరిచి, టేపునూ ఖలందర్ మోచేతినీ కలిపి నాకి, మళ్లీ నిద్రపోయింది.

"ఏం సాయిబూ, దొరకు చొక్కా కుడతాండావా?" వెనక ఈరన్న నిలబడి ఉన్నాడు.

"నోరు శానా పెద్దదప్పా. చినుగులు చూస్తే శానా చిన్నవి..."

ఈరన్న మీసం కొంచెం కదిలింది. "కొలత తీసుకుంటే తీసుకున్నావు. మనసులోనే పెట్టుకో. కుట్టొద్దు."

కుట్టొద్దంటే దర్జీకి చేతులు ఊరుకుంటాయా? ఆ మర్నాటి నుంచి ఖలందర్ కళ్లు ఆ సందును వదల్లేదు. సందు చివర ఓబులమ్మ అవ్వ ఇల్లు. ఆమెకు చూపు మందగించి చాలా ఏండ్లయింది. నాలుగు మేకలు, ఒక కుక్క. దాని పేరు బెల్లం. ఎర్రగా, బొద్దుగా, జానెడు పొడవుంటుంది. ఊళ్లో దాన్ని ముద్దు చెయ్యని మనిషి లేడు. పోతూ పోతూ తలా ఒక ముక్క వేస్తారు. బెల్లం తోక ఊపుతుంది. మనిషి వీపు తిప్పగానే వెనక నుంచి వచ్చి మడిమ పట్టి, అతను తిరిగి చూసేలోపల మంచం కింద దూరి, రెండు కాళ్ల మధ్య మూతి పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది. తిరిగి చూసినవాడికి కనిపించేది సందు మొదట్లో కొండలాంటి దొర. సంగతి అర్థమైన రోజు ఖలందర్ ఒక చొక్కాకు రెండు చేతులూ ఒకే పక్క కుట్టాడు.

అదే వారంలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఆ సందులోకి వచ్చాడు. కర్నూలు కొత్తగా రాజధాని అయి, గుడారాల్లో ఆఫీసులు నడుస్తున్న రోజులు. సర్కారు జిల్లాల నుంచి వచ్చిన మనిషి. ఖాకీ గుడ్డ ప్యాంటు, బూట్లు, వెనక భూమి కొలిచే గొలుసు పట్టిన తలారి. ఓబులవ్వ గోడ దగ్గర నిలబడి బెల్లాన్ని చూసి, "ఎంత ముద్దుగా ఉందండీ!" అన్నాడు. వీపు తిప్పాడు. అంతే.

"పులి! పులి పట్టింది!" అన్న కేక బజారు దాకా వినబడింది.

గ్రామ మునసబు బొజ్జన్న తుపాకీ తీసుకుని వచ్చాడు. ఆయనకు అది కాల్చే అవకాశం అంతదాకా రాలేదు. "జరుగు ఈరన్నా. ఈ జాతి ఊళ్లో ఉండగూడదు."

ఈరన్న అప్పటికే కొయ్య కట్టుకుని దొరకు అడ్డంగా నిలబడ్డాడు. "కాల్చండప్పా, కాదనను. అయితే ఇన్‌స్పెక్టరయ్య గతి యెట్ల తెలిసేది?"

"నా గతా? నా గతేమిటయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టుకోని ఉండాలని కర్నూలు డాక్టరు చెప్పినాడు. అది తిని, నీళ్లు తాగుతా ఉంటే మనిషికి భయం లేదు. ఇప్పుడే చంపితే మీకు పిచ్చి పడతాదో లేదో యెవుర్నని అడిగేది? పాండి, ఆసుపత్రిలో సూదులు ఏపించుకుందాం. నేనొస్తా."

"బొడ్డు చుట్టూనా?"

"బొడ్డు చుట్టూనే."

ఇన్‌స్పెక్టరు ముఖం సున్నం కొట్టినట్టయింది. సూదుల మాట వాయిదా వేసి, కుక్క చావునూ పది రోజులు వాయిదా వేశాడు. "పదో నాడు మాత్రం కాల్చవలసిందే," అని బొజ్జన్నకు హుకుం ఇచ్చి, ముసాఫరు బంగళాలో మకాం పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన దొర ముందర నిలబడి ఉన్నాడు. "తినిందా?"

"రొవ్వంత సంగటి తినిందయ్యా."

"రొవ్వంతేనా? ఎందుకు తినలేదు? నీళ్లు?"

మూడో రోజు బిస్కట్లు తెచ్చాడు. ఐదో రోజుకు పలకరింపు మారింది. "దొరగారు రాత్రి నిద్రపోయారా? దగ్గు ఏమైనా...?" దొర ఆవులిస్తే ఆయనకు చెమటలు పట్టేవి. అది నీళ్ల తొట్టిలో మూతి పెడితే ఆయన ముఖంలో పున్నమి వచ్చేది. దొర కూడా ఆయన బూట్ల మీద తల పెట్టుకుని నిద్రపోవడం అలవాటు చేసుకుంది.

ఇది చూసి ఊరంతా నవ్వుతుంటే ఖలందర్ మాత్రం నవ్వలేకపోయాడు. పాపం ఆ మనిషి కరవని కుక్కను కనిపెట్టుకుని ఉన్నాడు. కరిచినదాన్ని ఎవరు చూస్తున్నారు? పట్టలేక ఈరన్నను వెతుక్కుంటూ పోతే, ఓబులవ్వ వాకిట్లో దొరికాడు. మెడలో కొయ్య, ముందర నీళ్ల ముంత. బెల్లం నీళ్లు తాగుతుంటే గొంతుకూచుని కళ్లార్పకుండా చూస్తున్నాడు. లోపల అవ్వ తిరగలి గరగర తిరుగుతోంది.

"అంటే నీకు ముందే తెలుసన్నమాట!"

"మెల్లగా, సాయిబూ. దినమూ రెండు పూటలా చూస్తాండా. ఇది నాకంటే బాగుండాది. రొవ్వంత తేడా కనపడినా ఇన్‌స్పెక్టరయ్యను నేనే భుజాన ఏసుకోని కర్నూలు పోతా."

"ఇది చేసిన తప్పుకు నీ మెడలో కొయ్య ఏమిటప్పా?"

"అవ్వకు చూపు పోయిన ఏడు సంతలో దీన్ని కొని ఇచ్చింది నేనే గదా. వచ్చింది చుట్టమో పామో మొరుగుడును బట్టి ఆమెకు తెలుస్తుందని. కరిచే గుణం ఉండాదని నాకు తెలీకపాయె. ఇచ్చినోడు జవాబు చెప్పొద్దా?"

"మరి దొరను కాలుస్తారే!"

ఈరన్న కొయ్యను నిమిరాడు. "బెల్లం పేరు చెప్పినామంటే రాయెత్తి ఇప్పుడే కొడతారు. దొరకు నేనుండా, నా మీసముండాది. ఈ ముసలామెకు యెవురుండారప్పా?"

లోపల తిరగలి ఎప్పుడో ఆగిపోయింది. ఇద్దరూ గమనించలేదు.

పదో నాడు మునసబు అరుగు ముందర ఊరు ఊరంతా చేరింది. ఇన్‌స్పెక్టరు ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఆయన ప్రాణానికి భయం తీరింది కానీ, దొర ప్రాణం తీయడానికి ఆయనకు మనసొప్పడం లేదు. అయినా ఇచ్చిన హుకుం వెనక్కి తీసుకోవడం ఆఫీసు పద్ధతుల్లో లేదు. దొర ఆయన బూట్ల మీదే నిద్రపోతోంది.

"కాళ్లు తీయండి సారూ," అన్నాడు బొజ్జన్న, తుపాకీ ఎత్తి. "మీకు తగులుతాది."

"తీస్తే... లేస్తారేమోనండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఈరన్న అడ్డం వచ్చాడు. "కట్టెయ్యాల్సింది నేను. కాలిస్తే నన్ను కాల్చు బొజ్జన్నా."

"మనిషిని కాల్చే లైసెన్సు కాదప్పా ఇది, జరుగు!"

ఖలందర్ కొలత టేపు తీసి నోరు తెరవబోయాడు. ఈరన్న చూపుకు మూసుకున్నాడు. అంతలో, "ఆగండ్రా అబ్బయ్యా!" అన్న కేక వినబడింది. కట్టె తాటించుకుంటూ ఓబులవ్వ, ఆమె ముందర తోక ఊపుకుంటూ బెల్లం.

"కరిచింది నా బెల్లం. దొర కాదు. ఈ కండ్లతో చూడలేదు గానీ చెవులతో విన్నా."

జనం గొల్లుమన్నారు. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. "మామ్మగారూ, ఇంత ముద్దొచ్చే కుక్క కరుస్తుందాండీ? దాని జాతి చూస్తే తెలియడం లేదూ?" అని బెల్లాన్ని నిమిరి, జనానికి చెప్పడానికి అటు తిరిగాడు.

తిరగకుండా ఉండవలసింది.

"ఇదే! ఇదే నోరు! అదే మడిమ!" అని ఇన్‌స్పెక్టరు ఒంటికాలి మీద గంతులు వేస్తుంటే, ఖలందర్ పరుగెత్తి ప్యాంటు చినుగుకు టేపు పెట్టాడు. "అణా బిళ్లంత! చూడండప్పా, అణా బిళ్లంత!" అన్నాడు, పరీక్ష ప్యాసైనవాడిలాగా.

ఓబులవ్వ తడుముకుంటూ ఈరన్న దగ్గరకు వచ్చి, మెడకున్న తాడు ముడి విప్పింది. "ఇన్నేండ్లు నీ మెడ అడ్డం పెట్టినావు గదరా నాయనా. ఇంగ చాలు. నా కుక్క తప్పు నా మెడకే రావాల," అని కొయ్యను తనకు తగిలించుకుంది. అది ఆమె మోకాళ్ల దాకా దిగి, మనిషిని ముందుకు వంచేసింది. నవ్వేవాళ్ల నవ్వు ఆగిపోయింది.

బొజ్జన్న మాత్రం తుపాకీని బెల్లం వైపు తిప్పాడు. ఎటైనా సరే, ఒక్కసారి కాల్చాలని ఆయన కోరిక.

"చంపొద్దు! చంపొద్దయ్యా!" అని ఇన్‌స్పెక్టరు తుపాకీ గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "దాన్ని చంపితే నా గతేమిటి? మళ్లీ పది రోజులు చూడాలి! మామ్మగారూ, మీరు ముందు ఆ కొయ్య తీసేయండి. దానికి నీళ్లు పెట్టండి. తాగుతుందా? ఎవరైనా చూడండి, తాగుతుందా?"

అలా ఆ ఊళ్లో కరిచి, పట్టుబడి కూడా బతికిన మొదటి కుక్క బెల్లం. దానికి శిక్ష ఈరన్నే ఆలోచించాడు. జానెడు బెల్లాన్ని తాడుతో తెచ్చి దూడంత దొరకు కట్టేశాడు. ఎవరి మడిమైనా కనిపిస్తే బెల్లం ఉరుకుతుంది. తాడు బిగుసుకుంటుంది. అవతలి కొసన తనను ఎవరో లాగుతున్నారన్న సంగతే దొరకు తెలియదు. ఓబులవ్వ మేకల వెంట ఇప్పుడు రెండు కుక్కలూ హంద్రీ ఏటి ఒడ్డుకు పోతున్నాయి. మొరిగేది బెల్లం, భయపెట్టేది దొర. ఇన్‌స్పెక్టరు ఆ దారిన వచ్చినప్పుడల్లా దొరకు బిస్కట్లు తెస్తాడు. బెల్లానికి మాత్రం వీపు చూపకుండా, వెనక్కి వెనక్కి నడుస్తూ పోతాడు.

గుదికొయ్య దూలానికి చేరింది. భీమక్క నడుము బాగుపడింది. బజారులో ఆ చప్పుడు లేక ఖలందర్‌కు మిషను తొక్కబుద్ధి కాలేదు. నెల తిరగకముందే ఒకరోజు మళ్లీ ఠంగు ఠంగుమని వినబడేసరికి కాలు ఆపి బయటికి ఉరికాడు.

"ఎవుర్ని పట్టింది, ఈరన్నా?"

"ఎవుర్నీ లేదు. దొర నిద్రలో పొర్లి పక్కింటి సుంకులమ్మ కోడి కాలు తొక్కినాడు."

"కొయ్య ఎన్నాళ్లు?"

"కోడి కుంటడం మానేదాకా."

ఖలందర్ ఆయన మెడ వైపు చూశాడు. తాడు ఒరుసుకుని ఒరుసుకుని ఏండ్ల నాటి మచ్చ నల్లగా కాయకాచింది. టేపు తీసి ఆ మెడకు చుట్టాడు. ఎవరి పెండ్లి కోటులోనో మిగిలిన మఖమలు ముక్క ఒకటి పెట్టెలో ఉంది.

"ఈ కొలతైనా కుట్టనిస్తావా? మెత్తటి పట్టీ ఒకటి ఏస్తా."

"కుట్టు, సాయిబూ," అన్నాడు ఈరన్న. "రొవ్వంత గట్టిగా కుట్టు. ఊళ్లో కుక్కలు శానా ఉండాయి."