పశువుల దవాఖానలో సకినాలు

మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపే విశ్వేశ్వర్ భార్య ఆండాళుకు ఒక్క చోట కూర్చోవడం చేతకాదు. సూర్యాపేట నుంచి కోడలిగా వచ్చిన ఏడాదే పెరట్లో పొయ్యి పెట్టి సకినాలు చుట్టడం మొదలుపెట్టింది. మొదట చుట్టాలకు, తర్వాత తెలిసినవాళ్ల పెళ్లిళ్లకు, ఇప్పుడు హైదరాబాద్ షాపులకు. పనికి వచ్చే ఆడవాళ్లు పెరిగారు, పెరడు చాలడం లేదు. పొగ వస్తోందని పక్కింటివాళ్లతో రోజూ గొడవే.

అలాంటి రోజుల్లో కూతురు ప్రీతి ఫోనులో ఒక ప్రకటన చూపించింది. వాడకంలో లేని ప్రభుత్వ భవనాలను వేలం పెట్టి లీజుకు ఇస్తారట. ఊరి చివరి పాత పశువుల దవాఖాన అందులో ఉంది.

"బర్లకు సూదులేసిన కాడ సకినాలు చేస్తే ఎవరు కొంటరే?" అని విశ్వేశ్వర్ నవ్వాడు.

"సున్నం కొట్టిస్తే అన్ని గోడలూ ఒక్కటే," అంది ఆండాళు. ఆ సాయంత్రమే ఆటోలో వెళ్లి గేటు బయట నుంచి చూసి వచ్చింది. ఎత్తైన కప్పు, వెడల్పు వరండా, బోరు. అంతకు మించి చూడాలని తోచలేదు.

వేలంలో ఆడమనిషి ఆమె ఒక్కతే. పాత ఇనుము వ్యాపారి ఒకాయన పట్టుబట్టి పాట పెంచాడు. ఆయన పెంచినప్పుడల్లా ఈమె చెయ్యి దానంతటదే లేచింది. మూడేళ్ల లీజు ఆమెకే ఖాయమైంది.

తాళం తీసిన రోజు, లీజు ఇచ్చిన ఆఫీసు ఇంజనీరు సతీష్ గదులన్నీ చూపిస్తూ వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ ఒక చిన్న గది. ముందర చాప మీద ఎండుమిరపకాయలు తిరగేస్తూ ఒక పెద్దావిడ.

"ఈమె దేవమ్మ, దవాఖాన ఊడ్చేది. భర్త ఏసుపాదం వాచ్‌మన్, సచ్చిపోయిండు. వారంల ఖాళీ చేపిస్తం మేడం, మీరు పరేషాన్ కావద్దు," అన్నాడు సతీష్.

దేవమ్మ ఆండాళును ఎగాదిగా చూసింది. సతీష్ వైపు తిరిగి, "శుక్రారం దాకనా, శనారం దాకనా?" అని మాత్రం అడిగింది.

ఆ మాట ఆండాళును ఇంట్లో నిలవనివ్వలేదు. మర్నాడు పిండిలో వాము వేయడం మరిచింది. ఆ తర్వాతి రోజు వేసిందో లేదో గుర్తులేక మళ్లీ వేసింది. పొయ్యి దగ్గర నుంచి లేచి గుమ్మం దాకా వచ్చి, ఎందుకు వచ్చిందో తెలియక వెనక్కి పోయేది.

"సర్కారు జాగ, సర్కారే ఖాళీ చేపిస్తది. నడుమ నీకేమొచ్చె?" అన్నాడు భర్త.

ఆమె సతీష్ దగ్గరికి వెళ్లింది. "ఆ వెనక అర్ర ఒక్కటి విడిచిపెట్టి మిగతాది నాకియ్యండి."

"ఇస్తే అంతా ఇయ్యాలె మేడం. వద్దంటే చెప్పండి, ఇనుము సేటు ఎదురుచూస్తున్నడు."

ఆండాళు వద్దనలేదు. అక్కడి నుంచి తిన్నగా దేవమ్మ గదికి నడిచింది.

"నువ్వు గీడనే ఉండు దేవమ్మా. నేనెవ్వరికీ చెప్ప. నా దగ్గర పని కూడా ఇస్త."

దేవమ్మ కుండలు సర్దడం ఆపలేదు. "పని అడిగిన్నా నిన్ను? గప్పటి డాక్టరు సారు కూడ గిట్లనే అన్నడు సావుకారమ్మా, ఉండుండ్రి, ఎవరడుగుతరు అని. ఇరవై ఏండ్లు ఆయన నోటి మాట మీద బతికినం. ఇప్పుడు నీ నోటి మాట మీద బతకాల్నా? రేపు నీకు కోపమొస్తే?"

ఆండాళు వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

శనివారం దేవమ్మ కూతురు గీత మేళ్లచెరువు నుంచి ట్రాలీ ఆటో తెచ్చింది. మంచం ఎత్తడానికి ఇద్దరూ అవస్థ పడుతుంటే ఆండాళు వెళ్లి ఒక కోడు పట్టుకుంది. వద్దని ఎవరూ అనలేదు, కూర్చోమని కూడా అనలేదు.

సున్నాలు వేయించి పొయ్యిలు పెట్టారు. ఆర్డర్లు పెరిగాయి. వెనక గదికి మాత్రం ఆండాళు తాళం వేసి, ఎవరినీ ముట్టనివ్వలేదు. కానీ వానలకు వరండాలోకి జల్లు కొట్టి బియ్యం బస్తాలు తడవసాగాయి. నాలుగు రోజులు ఓర్చుకుంది. అయిదో రోజు తానే తాళం తీసి బస్తాలు లోపల వేయించింది. ఆ మధ్యాహ్నమే ఇంట్లో చెప్పకుండా కోదాడ బస్సెక్కి, అక్కడ బండి మారి, మేళ్లచెరువులో గీత ఇల్లు అడుగుతూ చేరింది.

గీత మొగుడు సిమెంటు లారీ నడుపుతాడు. రెండు గదుల కిరాయి ఇల్లు, వాకిలి నిండా దుమ్ము. దేవమ్మ గుమ్మంలో నిలబడి ఆమెను గుర్తుపట్టింది.

"ఏం సావుకారమ్మా, నీకు నిమ్మలం లేదా?"

"లేదు," అంది ఆండాళు. "నీ అర్రల బియ్యం వేయించిన."

"మంచిగ చేసినవ్. ఖాళీగ ఉంచితే ఎలుకలు చేరుతయి." దేవమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆండాళు తాగుతుంటే అంది: "అల్లుని ఇంట్ల ఎన్నాళ్లుంట? మిర్యాలగూడల ఇంటి జాగ కోసం అర్జీ పెట్టిన. నువ్వు గాడ ఉన్నట్టు రుజువేది అంటున్నరు. నీకు లీజిచ్చిన ఆఫీసోళ్లేమో, గా అర్రల ఎవ్వరు లేకుండె అంటున్నరు. నువ్వు సూసినవు గదా. సాక్ష్యం చెప్తవా?"

ఆండాళు చాయ్ గ్లాసు కింద పెట్టింది. లీజు మళ్లీ ఇవ్వాల్సింది ఆ ఆఫీసువాళ్లే. భర్త ఏమంటాడో కూడా ఆమెకు తెలుసు.

"చెప్త," అంది.

చెప్పింది కూడా. ఖాళీ చేసిన రోజు మంచం తానే పట్టానని సంతకం చేసి ఇచ్చింది. విశ్వేశ్వర్ రెండు రోజులు మాట్లాడలేదు. సతీష్ ఇప్పుడు ఎదురైతే నమస్తే పెట్టడం లేదు. మూడేళ్ల తర్వాత ఏమవుతుందో అని ఆండాళుకు గుబులుగానే ఉంటుంది.

ఇంటి జాగ ఇంకా రాలేదు. సోమవారాలు దేవమ్మ బస్సు దిగి వస్తే, ఇద్దరూ కలిసి అర్జీల ఆఫీసుకు పోతారు. మొన్న కూడా పోయారు. విచారణకు రాశామని, వచ్చే నెల మళ్లీ రమ్మని గుమాస్తా చెప్పాడు. బయటికొచ్చాక దేవమ్మ కోదాడ బస్సు కోసం రోడ్డు దాటింది. అది కదిలేదాకా ఉండి, ఆండాళు ఆటో పిలిచింది.