పొడుగు గీత ఏడున్నది?

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడమే కష్టమనుకున్నాను గానీ, దొరికాక మాట్లాడడానికి మనిషి దొరకడం అంతకన్నా కష్టమని నాకెవరూ చెప్పలేదు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మెట్రో స్తంభాలు ఇంకా లేస్తున్న కాలం. తణుకు నుంచి వచ్చి, ఉప్పల్‌లో ఒక మేడ మీది గదిలో దిగి, నాచారంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. రోజు మొత్తంలో నేను పైకి పలికే మాటలు పొద్దున బస్సులో "నాచారం ఒకటి", సాయంత్రం కర్రీ పాయింట్‌లో "పప్పొకటి, వేపుడొకటి". (ఒకసారి పరధ్యానంలో కర్రీ పాయింట్ ఆయనతో కూడా "నాచారం ఒకటి" అన్నాను. ఆయన తలెత్తకుండానే "అయిపోయింది, దొండకాయుంది" అన్నాడు. తీసుకున్నాను.)

మా కంపెనీ మసాలా పొట్లాల మీదా బిస్కెట్ పాకెట్ల మీదా తేదీలు వేసే యంత్రాలు తయారుచేసేది. యంత్రానికో చిన్న కంప్యూటర్, దానిలో ఏ ఆదేశం ఎలా కొట్టాలో చెప్పే పుస్తకం ఉండేవి. ఆ పుస్తకం చూసుకోవడం నా ఉద్యోగం. ప్రోగ్రాములు రాసేవాళ్ళంతా పై అంతస్తులో నవ్వుకుంటూ ఉండేవాళ్ళు. నన్ను కింద, స్టోర్ పక్క గదిలో, అట్టపెట్టెలకు తోడుగా కూర్చోబెట్టారు. పాత పుస్తకం సాదా అక్షరాల్లో, శీర్షికకో గుర్తు, ముఖ్యమైన మాటకో గుర్తు పెట్టి రాసి ఉండేది. ఆ గుర్తుల పద్ధతి పాతబడిందని దాన్ని ముందు కొత్త పద్ధతిలోకి, తర్వాత అచ్చు పేజీలోకి మార్చమన్నారు. మార్చడానికి ఒక ప్రోగ్రాం ఉంది. అది మార్చి ఊరుకునేది కాదు, అందంగా కూడా చేసేది. నిటారు కొటేషన్లను వంచి, పక్కపక్కన ఉన్న రెండు చిన్న గీతల్ని కలిపి ఒక పొడుగు గీతగా సాగదీసేది. మా మేనేజర్ మేడం చూసి "అబ్బ, ఎంత ప్రొఫెషనల్‌గా ఉందో! చివరి పేజీలో సందేహాలకి నీ టేబుల్ మీది ఫోన్ నంబర్ పెట్టెయ్" అన్నారు. నా ఉద్యోగం ఖాయం చేసే సంతకం ఆవిడదే. పెట్టేశాను.

పుస్తకాలు వెళ్ళిన కొన్నాళ్ళకి, ఎన్నడూ మోగని ఆ ఫోన్ మోగింది. ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచి నిలబడి మరీ ఎత్తాను.

"హలో, బుక్కుల నంబరు మీదేనా సార్? చెంగిచెర్ల మసాల ఫ్యాక్టరీ నుంచి, ఆపరేటర్‌ను. గీ పొడుగు గీత కీబోర్డుల ఏడున్నది?"

"ఏ గీతండీ?"

"చిన్న గీత దొరికింది, కింద గీత దొరికింది. పొడుగుది దొర్కుతలేదు సార్. పొద్దుగాల్నుంచి దేవులాడుతున్న. కారంపొడి పాకెట్ల మీద తారీకు పడ్తలేదు, లారీ ఆగింది!"

గబగబా పుస్తకం తెరిచాను. అక్కడ ఉండాల్సింది రెండు చిన్న గీతలు. రెండూ ఉంటేనే యంత్రం వింటుంది. నా అందమైన పేజీలో అవి అతుక్కుపోయి ఒకటయ్యాయి. "రెండు చిన్నవి పక్కపక్కన కొట్టండి" అన్నాను. అవతల టక టకమని శబ్దం, తర్వాత యంత్రం చప్పుడు. "పడ్డది! సల్లగుండు సార్" అని పెట్టేశాడు.

మర్నాడు ఇంకో పేజీ దగ్గర ఆగి మళ్ళీ ఫోన్ చేశాడు. పొడుగ్గా కనిపిస్తే రెండు, పొట్టిగా ఉంటే ఒకటి అని చెప్పాను. "నా కండ్లద్దాలకు రెండూ ఒక్క తీర్గనే కనబడ్తున్నయి" అన్నాడు. అలా రోజూ ఏదో ఒక గీత గురించి ఫోన్ వచ్చేది. నాలుగైదు ఫోన్లకి నేను సార్ నుంచి తమ్మినయ్యాను. ఒకరోజు గీత సంగతి తేలాక, పెట్టేయబోతూ "తమ్మీ, బువ్వ తిన్నవా?" అన్నాడు. హైదరాబాద్ వచ్చాక నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. తిన్నానని రెండుసార్లు చెప్పాను.

అయినా తప్పు దిద్దాలి కదా. ఈ అందాల పనిని ఆపే ఆదేశం ఒకటుందని ఆ ప్రోగ్రాం సహాయం పేజీలో చదివి, అక్కడున్నది ఉన్నట్టు కొట్టాను. ప్రోగ్రాం నన్ను పట్టించుకోలేదు. మధ్యాహ్నం దాకా దానితో పోట్లాడాక అర్థమైంది, ఆ సహాయం పేజీని కూడా ఎవరో ఇలాగే అందంగా మార్చి పెట్టారు. దానిలోనూ రెండు గీతలు ఒకటైపోయాయి! (చెంగిచెర్ల అన్న పడుతున్న బాధేమిటో అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది.) రెండు గీతలు కొట్టి, ఆపి, కొత్త పేజీలు ఫ్యాక్స్ చేశాను.

"తమ్మీ, గీత ఇంక గట్లనే ఉన్నది."

పాత పద్ధతి నుంచి కొత్త పద్ధతికి మార్చేటప్పుడు ఆపాను గానీ, అక్కడి నుంచి అచ్చు పేజీకి మార్చేటప్పుడు అది మళ్ళీ తన కళ చూపించింది. సరేనని రెండు చోట్లా ఆపేస్తే మేడం పేజీ పట్టుకుని కిందికి దిగివచ్చారు. "కొటేషన్లన్నీ ఇలా కర్రల్లా నిలబడ్డాయేంటి? పాతదే బాగుంది."

ఇక మిగిలింది ఒక్కటే దారి. మొదటి మెట్టులో అందాల పని ఆపాలి, రెండో మెట్టులో ఉంచాలి, మధ్యలో ప్రతి ఆదేశానికీ 'దీన్ని ముట్టుకోవద్దు' అనే గుర్తు చేత్తో పెట్టాలి. ఆ పనికి కూర్చున్న రోజు బంద్. బస్సుల్లేవు. గదిలో గోడల్ని చూస్తూ కూర్చోలేక ఉప్పల్ నుంచి హబ్సిగూడ మీదుగా నడుచుకుంటూ వెళ్ళాను. వాచ్‌మన్ గేటు తీస్తూ "బంద్ గద సార్, ఇంట్ల ఎవ్వరు లేరా?" అన్నాడు. మామూలుగానే అడిగాడు, నేనే మామూలుగా తీసుకోలేకపోయాను.

సాయంత్రానికి పేజీ కుదిరింది. వాక్యాల్లో కొటేషన్లు వయ్యారంగా వంగి ఉన్నాయి, ఆదేశాల్లో గీతలు రెండుగా విడివిడిగా ఉన్నాయి. గెలిచానని చెప్పుకోడానికి చుట్టూ చూశాను. అట్టపెట్టెలున్నాయి. చెంగిచెర్లకి ఫోన్ చేశాను. చాలాసేపు మోగి ఆగిపోయింది.

కొత్త పుస్తకాలు వెళ్ళాయి, మేడం సంతకం చేశారు, నా ఉద్యోగం ఖాయమైంది. ఫోన్ మాత్రం ఆగిపోయింది. నిజంగా పాడైందేమోనని రోజూ రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకునేవాణ్ణి. బాగానే ఉండేది. (అంత బాగా దిద్దడం అవసరమా అని నన్ను నేను తిట్టుకున్న మాట కూడా నిజం.)

ఓ మధ్యాహ్నం మోగింది.

"అన్నా! ఏం పాడైంది?" అన్నాను, ఆశగా.

"ఏం పాడుగాలె. మస్తు నడుస్తుంది. ఇగ ఏం జెప్పి ఫోన్ జెయ్యాల్నో సమజ్ గాలె. ఐతారం ఇంటికి రా తమ్మీ."

ఆ ఆదివారం వెళ్ళాను. మనిషి నేననుకున్నట్టు భారీగా లేడు, సన్నగా, నాకంటే మొహమాటంగా ఉన్నాడు. వదిన కోడికూర వడ్డించింది. ఫోన్లో అంత మాట్లాడిన మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడాలో తెలియక, టీవీలో ఎవరో పంటల గురించి చెబుతుంటే శ్రద్ధగా చూశాం. వదిన లోపల్నుంచి "గీతల ముచ్చటనన్న జెప్పుకోరాదుండ్రి" అని నవ్వింది. బస్టాపు దాకా వచ్చాడు. బస్సు కదులుతుండగా కిటికీ దగ్గరికి వచ్చి "రేపు ఫోన్ జేస్త" అన్నాడు.

"దేనికన్నా?"

"ఏదో ఒకటి పాడైతది తియ్యి!"

ఇన్నేళ్ళయినా నేనింకా పేజీలు మార్చుకునే పనిలోనే ఉన్నాను. ఆ రోజు బస్సులో, మర్నాడు ఏదో ఒకటి పాడవ్వాలని కోరుకుంటూ, కిటికీకి తల ఆనించి తనలో తాను నవ్వుకుంటూ ఉప్పల్‌లో దిగడం మరిచి తర్వాతి స్టాపులో దిగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం, అతను వెనక్కి గదికి నడిచినంతసేపూ పక్కన నడవాలనిపిస్తుంది.